చదువుకున్నవారు కూడా కుట్ర కథలను ఎందుకు నమ్ముతున్నారు?

రాయగడ వాసి (ప్రశ్న):
మా మేనమామగారు 30 ఏళ్లు లెక్కలు బోధించి పదవీ విరమణ చేశారు. జవాబు సరైనదైనా, మధ్యలో ఒక్క మెట్టు వదిలేసిన విద్యార్థికి ఆయన పూర్తి మార్కులు వేసేవారు కాదు. అటువంటి మనిషి 2016లో వచ్చిన 2000 రూపాయల నోటులో చిప్ ఉందనీ, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందనీ నమ్మారు. 2023 మే నెలలో రిజర్వు బ్యాంకు ఆ నోటును ఉపసంహరించినప్పుడైనా అనుమానం వస్తుందనుకున్నాను. చిప్ గుట్టు బయటపడుతుందనే వెనక్కు తీసుకున్నారని ఇప్పుడు చెబుతున్నారు. ఆయన చదువు ఇక్కడ ఎందుకు అక్కరకు రాలేదు?

పర్లాకిమిడి నుంచి:
పదే పదే వినడం ఒక కారణం. 1977లో అమెరికాలో లిన్ హాషర్, ఆమె సహచరులు కొన్ని వాక్యాలను రెండేసి వారాల ఎడంతో మూడు సార్లు విద్యార్థుల ముందు పెట్టగా, మళ్లీ మళ్లీ ఎదురైన వాక్యాలు, అబద్ధాలైనా సరే, అంతకంతకూ నిజమనిపించాయి. చిప్ మాట మీ మేనమామగారికి ఒక్కరి నుంచే వచ్చి ఉండదు. వాట్సాప్ గ్రూపుల్లోనే కాక టీవీలో కూడా వచ్చింది. ఒకే ఊట నీరు నాలుగు కాలువల్లో పారుతుంటే నాలుగు ఊటలున్నాయని అనుకుంటాం.

జయపురం నుంచి:
నేను సగమే ఏకీభవిస్తాను. విన్నదంతా మనం నమ్మం. గిట్టని పార్టీ మీద పుకారు వస్తే వెంటనే ఒప్పుకుంటాం, నచ్చిన నాయకుడి మీద వస్తే ఆధారం అడుగుతాం. పైగా ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో బతికే మనలాంటివారికి అనుమానం ఊరికే పుట్టలేదు. సరిహద్దులోని కొటియా గ్రామాలు ఏ రాష్ట్రానివన్నదానిపై 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన ఒడిశా, ఆంధ్ర వివాదం ఇప్పటికీ తేలలేదు. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. ఒడియా పత్రికలో ఒక కథనం, తెలుగు టీవీలో మరొక కథనం వచ్చే చోట, పైవారు ఏదో దాస్తున్నారని అనుకోవడం తెలివితక్కువతనం కాదు. కుట్ర కథ ఆ అనుమానం భుజమెక్కే ఇంట్లోకి వస్తుంది. అందుకే ఆయనతో వాదించే ముందు, ఆయన అనుమానంలో ఎంత భాగం న్యాయమైనదో ఒప్పుకోండి.

రాయగడ వాసి:
నిన్న ఆయన పద్ధతిలోనే మెట్లు రాయమన్నాను. జీపీఎస్ పరికరం ఉపగ్రహం పంపే సంకేతాన్ని అందుకుంటుందే తప్ప తిరిగి దానికి ఏమీ పంపదు. మరి బ్యాటరీ కూడా లేని కాగితం తానున్న చోటును పైకి ఎలా చెబుతుంది? చాలాసేపు ఆలోచించి, చిప్ సంగతి కుదరదని ఒప్పుకున్నారు. నోటును వెనక్కు తీసుకోవడంలో మాత్రం ఏదో ఉందని ఇంకా అంటున్నారు. మీ కొటియా మాట చదివాను కనుక, దానిపై నేను వాదన పెంచలేదు.