ఈ వారం సమస్య: పాడువాఁడు పోవఁ బాట నిలిచె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. దీనికి ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

పాడువాఁడు పోవఁ బాట నిలిచె

పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే చిన్న సంగీత బృందాలను దృష్టిలో పెట్టుకొని పూరించండి. కీబోర్డు, తబలా, వేణువు వాయించేవారు ఏళ్ల తరబడి కలిసే ఉంటారు. గాయకుడు మాత్రం నిలవడు. వినాయక చవితికైనా, దసరాకైనా, శ్రీరామనవమికైనా ఆ పండుగ పందిళ్లన్నీ ఒకే రోజుల్లో పడతాయి కాబట్టి మంచి గొంతు ఉన్నవారికి ఒకే రాత్రి నాలుగు వైపుల నుంచి పిలుపు వస్తుంది. పాదాన్ని ఎక్కడ విరుస్తారో, ‘నిలిచె’ను ఏ అర్థంలో తీసుకుంటారో మీ ఇష్టం. బేసి పాదాల్లో 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు. సరి పాదాల్లో 5 సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి. ప్రాస నియమం లేదు.

కీబోర్డు వాయించే సభ్యుడు:

వేణువుండెఁ దబల వేళకు సిద్ధమే
జనము వచ్చి చేరె జాగు లేక
పయనమాయె నతఁడు పట్నపుఁ గొలువుకై
పాడువాఁడు పోవఁ బాట నిలిచె

నిర్వాహకుడు:
నడక బాగుంది. అన్నీ సిద్ధంగా ఉండి ఒక్క గొంతు లేకపోవడం మూడు పాదాల్లో కళ్లకు కట్టింది. ‘కొలువుకై’ వ్యావహారికం, ‘కొలువునకై’ అనాలి. అప్పుడు గణం కుదరదు. ‘పయనమాయె నతఁడు పట్నవాసమునకు’ అంటే వ్యాకరణమూ గణాలూ రెండూ దక్కుతాయి.

వేణువు వాయించే సభ్యుడు:
గురువుగారూ, ఎప్పుడూ గాయకుడే వెళ్లిపోతాడని అనుకోనక్కరలేదు. 1966లోనే సినిమాకు పాడిన బాలసుబ్రహ్మణ్యంగారు మద్రాసులో సొంత కచేరీ బృందం నడిపారు. అందులో ఇళయరాజా, ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ వాయించేవారు. 1976లో తమిళ సినిమా ‘అన్నక్కిళి’తో ఇళయరాజా సంగీత దర్శకుడయ్యారు. అక్కడ గొంతు ఆ బృందానికి నాయకత్వం వహించింది, వాయించినవారు తమ దారి తాము వెతుక్కున్నారు. మన ఊళ్లలో బృందం కీబోర్డు ఉన్నవారిదో, సౌండు సిస్టం కొన్నవారిదో అవుతుంది. గాయకుడు వచ్చిపోయే అతిథిగా మిగిలిపోతాడు. తనది కాని ఇంట్లో ఎవరు మాత్రం ఎంతకాలం ఉంటారు?

కొత్తగా చేరిన సభ్యుడు:

పెళ్లిపాట కొకఁడు, వినాయకుని కొకఁడు
ఒప్పుకొనును; నిలువఁ డొక్కఁడైన;
ప్రతి దినమ్ము వెదుకు పనియె మిగిలిపోయె
పాడువాఁడు పోవఁ బాట నిలిచె

నిర్వాహకుడు:
భావం మీ అనుభవంలోంచి వచ్చిందని తెలుస్తోంది, మూడో పాదం నాకు బాగా నచ్చింది. మొదటి పాదంలో గణభంగం ఉంది తమ్ముడూ. ‘వినాయ’ జగణం, అది ఇంద్రగణాల్లో లేదు. పైగా ‘కొకఁడు’ తరువాత పాదం ‘ఒప్పు’తో మొదలైతే సంధి చేయాలి. ఇలా మార్చి చూడండి:

పెళ్లిపాట కొకఁడు, వేలుపు గుడి కొక్కఁ
డొప్పుకొనును; నిలువఁ డొక్కఁడైన;

ఇప్పుడు రెండో పాదంలో యతి ‘ఒప్పు’కూ ‘ఒక్క’కూ చెల్లుతుంది.

కొత్తగా చేరిన సభ్యుడు:
ధన్యవాదాలు గురువుగారూ. సవరణ స్వీకరించాను.

ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న సభ్యురాలు:

తాళమిడెడువాఁడె తన గొంతు సవరించె,
చరణ మందుకొనిరి సభ్యులెల్ల;
ఒకరిపైన బరువు నుంచక పంచఁగ
పాడువాఁడు పోవఁ బాట నిలిచె

నిర్వాహకుడు:
‘నిలిచె’కు ‘మిగిలింది’ అనే అర్థం తీసుకోవడంతో సమస్యలోని విరోధం ఒక్కసారిగా తీరిపోయింది. తాళం వేసేవాడు గొంతు సవరించుకోవడంతో ఎత్తుకోవడం మరీ బాగుంది. సవరించడానికి నాకేమీ కనిపించలేదమ్మా.

కీబోర్డు వాయించే సభ్యుడు:
బృందగానంలో ఇది జరుగుతుంది. సినిమా పాటల కార్యక్రమంలో మాత్రం శ్రోత ఆ పాటను రికార్డులో విన్న గొంతుతో పోల్చుకుంటాడు. పదిమంది కలిసి పాడితే ఒప్పుకుంటాడా?

ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న సభ్యురాలు:
ఒకే గొంతు ఎందుకండీ? ఇద్దరు ముగ్గురు చెరో రెండు పాటలు చొప్పున నేర్చుకున్నా కార్యక్రమం ఆగదు. గాయకుడు వెళ్లాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమే. అతను ఉన్నప్పుడే తక్కినవారికి పాడే అవకాశం ఇవ్వాలి.

గాయని అయిన సభ్యురాలు:

వచ్చు పైకమెల్ల వాఁడొక్కఁడే మ్రింగె,
గాయనీమణులకుఁ గష్టమాయె;
లెక్క యడిగి సభ్యులే వానిఁ బంపఁగా
పాడు వాఁడు పోవఁ బాట నిలిచె

ఇది ఊహించి రాసింది కాదు. నేను పాడిన ఒక బృందంలో ప్రతిఫలం ఎంతో ముందు చెప్పేవారు కాదు. కార్యక్రమం అర్ధరాత్రి దాటాక ముగిసేది. స్పీకర్లను ఇంటికి చేర్చడానికి వ్యాను ఉండేది, నన్ను ఇంటికి చేర్చే బాధ్యత ఎవరూ తీసుకునేవారు కాదు. నేను మానేశాక ‘గాయనులు నిలవరు’ అన్నారట.

నిర్వాహకుడు:
‘పాడు వాఁడు’ అని విరిచి దుష్టుణ్ణి చూపించారు. ఒక్క అక్షరం మారకుండా కథంతా తిరగబడింది. ఈ వారం పూరణల్లో నాకు ఇదే మేలైనదిగా తోస్తోంది. గాయకులు దొరకడం లేదని బాధపడే ప్రతి బృందమూ పద్యంతో పాటు మీరు కింద రాసినదీ చదవాలి. పాడేవారికి వాటా ఎంతో, తిరిగి వెళ్లే ఏర్పాటు ఏమిటో ముందుగా చెప్పని బృందానికి గొంతు నిలవడం లేదని ఫిర్యాదు చేసే హక్కు లేదు.

మరొక సభ్యుడు:

లడ్డు వేలమనఁగ లక్షదాఁకఁ బెరిగె,
ఊరి జనము గూడె నుత్సవమున;
ఫోను మ్రోఁగె నంతఁ బోటీకి వచ్చిన
పాడువాఁడు పోవఁ బాట నిలిచె

నిర్వాహకుడు:
వేలంపాట! ‘పోటీకి వచ్చిన పాడువాఁడు’ అని మూడో పాదాన్ని నాలుగో పాదంలోకి నడిపించిన తీరు హాయిగా ఉంది. 1994లో 450 రూపాయలకు మొదలైన బాలాపూర్ లడ్డు పాట ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది కాబట్టి మీ లెక్క తక్కువే. సంగీత బృందం పద్యంలోకి రాలేదు గనుక పోటీకి పరిగణించలేను.

హార్మోనియం నేర్పే సభ్యుడు:

మీట నొక్క మారె మేళపు శ్రుతియెల్ల,
వేణువొకటి మార్చివేయవచ్చు;
మనసు తంత్రి తెగిన మఱి మీట యేదయా
పాడువాఁడు పోవఁ బాట నిలిచె

పురుషుల గొంతుకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి (పాటకు ఆధారమైన స్వరపు స్థాయి). స్త్రీల గొంతుకు ఐదు, ఐదున్నర శ్రుతి అలవాటు. గొంతు మారినప్పుడల్లా బృందమంతా జరగాలి. ఆ శ్రమ మాకు పెద్దది కాదు. సాధనలో అందరి ముందూ తప్పు పట్టడంతో మనసు విరిగి వెళ్లినవారిని తిరిగి తెచ్చుకోవడమే మా వల్ల కావడం లేదు.

తబలా వాయించే సభ్యుడు:
మాస్టారూ, పద్యంలో మమ్మల్ని వదిలేశారు. కీబోర్డుకు మీట ఉంది, వేణువుకు ఇంకో వేణువు ఉంది. తబలాను సుత్తితో కొట్టి కొంతమేరకే జరపగలం. ఒకటి నుంచి ఐదుకు వెళ్లాలంటే ఇంకో కుడి తబలా సంచీలో ఉండాల్సిందే.

నిర్వాహకుడు:
న్యాయమైన మాట. రెండో పాదం ఇలా ఉంటే మూడో పాదంతో అన్వయం కూడా గట్టిపడుతుంది:

తబల కుడిది మార్చఁ దగును గాని

హార్మోనియం నేర్పే సభ్యుడు:
‘గాని’ లేకనే నా పద్యం రెండు ముక్కలుగా ఉండిపోయింది. ఈ పాదాన్నే ఉంచుతున్నాను.