దాళ్వా గడ్డి చుట్టలు కట్టే మిషన్‌లో పది మందీ కలిసి డబ్బు పెట్టొచ్చా?

కాలవగట్టు కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది తణుకు దగ్గర ఊరు. ఏడేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి పోయినేడు ఇంటికొచ్చేశాను. ఇంకో వారంలో దాళ్వా కోతలు, అంటే రెండో పంట వరి. మిషన్ కోత కాబట్టి గడ్డంతా చేలోనే వరసలుగా పడిపోతుంది. మూడో రోజు సాయంత్రానికి ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. పోయిన దాళ్వాకి మేడ మీద ఆరేసిన బట్టలన్నీ మా అమ్మ మళ్ళీ ఉతుక్కుంది, అంత మసి.

మా ఊళ్ళో పది మందిమి ఒక ఆలోచన చేశాం. ట్రాక్టర్ వెనక తగిలించే బేలర్ ఒకటి కొని, గడ్డిని చుట్టలు కట్టి, గ్యాస్ ప్లాంటుకి టన్నుల లెక్కన అమ్మడం. ఆ ప్లాంటులో గడ్డిని పులియబెట్టి గ్యాస్ తీస్తారు, మిగిలిన పిప్పి ఎరువుగా మళ్ళీ చేలకి వస్తుంది. పంజాబులో సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో 2022లో ఇలాంటిది ప్రారంభించారు. రోజుకి 300 టన్నుల గడ్డి వేస్తే 33 టన్నుల గ్యాస్ వచ్చేలా కట్టారు. ఇక్కడ కూడా ఒక ప్లాంటు వాళ్ళు వచ్చి మాతో మాట్లాడి వెళ్ళారు. రైతుల సంఘంగా ఏర్పడి యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రం పెడితే, వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద అప్పు మీద 3 శాతం వడ్డీ తగ్గుతుంది, ఏడేళ్ళ దాకా. నాకైతే నచ్చింది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఏడెకరాల ఆసామి:
ఎకరానికి ఎన్ని చుట్టలు?

కాలవగట్టు కుర్రోడు:
మిషన్ అమ్మేవాళ్ళు 80 అన్నారండి. చుట్ట 20 కేజీలు.

ఏడెకరాల ఆసామి:
అమ్మేవాడు 80 అనక 40 అంటాడా? కోత మిషన్ జానెడు మోడు చేలో వదిలేస్తుంది. బాగా ఆరిన గడ్డయితే చుట్ట 15 కేజీలు కూడా తూగదు. 50 దాటితే నన్నడుగు. అసలు లెక్క అదీ. అది తేలకుండా సంగ్రూర్లూ పంజాబులూ ఎందుకు.

గేదెలక్క:
ఆయ్, గడ్డంతా ప్లాంటుకి పోస్తే మా గేదెలు ఏం తినాలి బాబూ? నాకు నాలుగున్నాయి. కుప్ప నూర్పుళ్ళ రోజుల్లో గడ్డిమేటు వేసుకుంటే ఏడాదంతా దిగులుండేది కాదు. మిషన్లొచ్చాక ఇప్పుడు చుట్టలు కొనుక్కుంటున్నాం. ఇక మీ ప్లాంటు కూడా పోటీకొస్తే రేటు ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. పాల రేటు మాత్రం ఎవరూ పెంచరు.

భీమారం చేపలోడు:
గ్యాస్ అంటున్నారు, పాశర్లపూడి మర్చిపోయారా? 1995లో అక్కడి గ్యాస్ బావి మంట రెండు నెలలకి పైగా మండింది. 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలింది. ఇంకా గ్యాసేనా మనకి.

కాలవగట్టు కుర్రోడు:
అన్నా, అది భూమిలోంచి తోడే గ్యాసు. ఇది గోబర్ గ్యాస్ లాంటిది, కాస్త పెద్దది. రెండూ ఒకటి కాదు.

భీమారం చేపలోడు:
అంటుకుంటే రెండూ ఒకటే తమ్ముడూ.

డొక్కల మిల్లు:
తమ్ముడూ, నా మాట చేదుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. మాది అంబాజీపేట వైపు. కొబ్బరి డొక్క నుంచి పీచు తీసే మిల్లు పెట్టాను. అప్పట్లో నేనూ నీలాగే రాసేవాణ్ణి, పారేసే డొక్కలోంచి డబ్బు అని. డొక్క నలిపితే మూడో వంతు పీచు, మిగతా అంతా పొట్టు. పీచుకి కొనేవాడున్నాడు, పొట్టుకి లేడు. పొట్టు మిల్లు వెనక కొండలా పెరిగింది. వాన పడితే దాని కింద నుంచి ఎర్రటి నీళ్ళు కారి పక్కాయన తోటలోకి పోయాయి, ఆయన పంచాయతీ పెట్టించాడు. తరవాత ఒక కొనుగోలుదారు వచ్చాడు. పొట్టు కడిగి ఉప్పు తగ్గించి దిమ్మలు కొట్టిస్తే విదేశాలకి పంపుతానన్నాడు. దిమ్మలు కొట్టే మిషన్ కోసం ఇంకో అప్పు చేశాను. మూడు లోడ్లు తీసుకున్నాడు. నాలుగో లోడుకి ఉప్పు ఎక్కువుందని వెనక్కి పంపాడు, ఐదోసారి ఫోనే ఎత్తలేదు. నోటిమాట మీద నడిచిన వ్యవహారం, ఎక్కడికని పోను?

మీ ప్లాంటు వాళ్ళు రేటు కాగితం మీద రాసిచ్చారా? ఎన్నేళ్ళకి? తడి ఎంతుంటే తీసుకుంటారు, ఎంతుంటే వెనక్కి పంపుతారు? దాళ్వా గడ్డి నెల రోజుల్లో మొత్తం వచ్చి పడుతుంది. ప్లాంటుకి ఏడాది పొడుగునా కావాలి. మధ్యలో పదకొండు నెలలు ఆ గడ్డి ఎవరి స్థలంలో, ఎవరి టార్పాలిన్ కింద ఉంటుంది? ఆగస్టు ముసురుకి లోపల వేడెక్కి బూజు పడితే నష్టం ఎవరిది? మిషన్ కొనడం ఒక పూట పని. అసలు పెట్టుబడి అంతా ఆ పదకొండు నెలల్లో ఉంది.

కాలవగట్టు కుర్రోడు:
అన్నా, నిజంగా ఇది మేం ఆలోచించలేదు. రేటు ఇంకా నోటిమాటే. నిల్వ మాదే అన్నట్టు మాట్లాడారు.

ఏడెకరాల ఆసామి:
80 అన్నవాడి దగ్గర రాతపూర్వకంగా తీసుకో ముందు.

పాత ఏఈఓ:
నేను వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి దిగాను. రెండు మాటలు చెబుతాను. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కేజీల నత్రజని, 2.3 కేజీల భాస్వరం, 25 కేజీల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, పొటాష్ చాలావరకు బూడిదలో చేలోనే మిగులుతుంది. చుట్టలు కట్టి అమ్మేస్తే మాత్రం మూడూ లారీ ఎక్కి ఊరు దాటతాయి. కాబట్టి గడ్డి తీసుకెళ్ళిన లారీ ఎరువుతో తిరిగొస్తేనే ఈ పథకానికి అర్థం. లేకపోతే పొటాష్ బస్తా కొనే ఖర్చు మీ గడ్డి డబ్బులోంచి తీసేయండి. ఆ పిప్పి ఎరువు మీద టన్నుకి 1500 రూపాయలు కేంద్ర సాయం ఉందని విన్నారేమో, అది రైతుకి కాదు, అమ్మే ప్లాంటుకి.

రెండోది, వరిగడ్డిలో సిలికా ఎక్కువ. పేడంత తేలిగ్గా పులియదు. ముక్కలు కొట్టి, నానబెట్టి, ముందు మెత్తబరచాలి. ఇవన్నీ చేయగల యంత్రాలున్నాయి, కాదనను. కానీ 2018లో దేశమంతటా 5000 ప్లాంట్లని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది, 2023-24 నాటికి. దాని దరిదాపులకి కూడా రాలేదు. ఇప్పుడు ఊరి గ్యాసు అమ్మే కంపెనీలు తమ గ్యాసులో కొంత శాతం ఈ గ్యాసు కలిపి తీరాలని నిబంధన పెట్టారు, 2025-26లో 1 శాతంతో మొదలుపెట్టి 2028-29కి 5 శాతం. కాబట్టి ఈసారి కొనేవాళ్ళు ఉండొచ్చు. తొందరపడొద్దనే నా మాట.

పుట్టగొడుగు:
గడ్డి నాకివ్వండి, నేను పుట్టగొడుగులు పండించుకుంటా.

మక్తా రైతు:
నేను రామచంద్రపురం వైపు నాలుగున్నర ఎకరాలు కౌలుకి చేస్తాను. నిన్నటి నుంచి చదువుతున్నాను. కాలవగట్టు గారూ, ఒక్క ప్రశ్న. మీ పది మందిలో చేలో దిగి వ్యవసాయం చేసేవాళ్ళు ఎంతమందండీ?

కాలవగట్టు కుర్రోడు:
ఇద్దరండి. మిగతావాళ్ళం మక్తాకిచ్చాం. దానికీ దీనికీ ఏంటండీ సంబంధం?

మక్తా రైతు:
గడ్డే సంబంధం. ధాన్యంలో మక్తా కొలిచాక మిగిలిన గింజలూ గడ్డీ కౌలుదారువి, మా వైపు ఆనవాయితీ. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఎందుకంటే గడ్డికి రేటు లేదు. ఎనిమిది మంది భూమిగలవాళ్ళు కలిసి మా గడ్డి మీద మిషన్ కొంటున్నారు, ఆ మాట మీరు ఒక్కసారి కూడా రాయలేదు.

చిన్నప్పుడు మా ఊరి మిల్లులో ఊక పోగుపడితే, తీసుకుపోండ్రా అని మిల్లు ఆసామే కేకేసేవాడు. మా అమ్మ ఊకపొయ్యి మీదే వండేది. గంటె వెనక్కి తిప్పి పొయ్యి అంచు మీద టకటకా కొట్టేది, ఊక కిందికి దిగడానికి. ఇప్పుడు ఆ ఊక బాయిలర్లకి లారీల్లో పోతోంది. 75 కేజీల బస్తాలో 15 కేజీల దాకా ఊకే. దానికి రేటొచ్చాక ధాన్యం పోసిన వాడికి ఎవరైనా రూపాయి కలిపారా?

ఏడెకరాల ఆసామి:
ఊక సంగతి మిల్లు వాణ్ణి అడుగు, ఇక్కడెందుకు. ఆనవాయితీ అంటే గడ్డికి రేటు లేనప్పటి మాట. రేటొస్తే మక్తా మారుతుంది. సార్వా దాళ్వా కలిపి 30 బస్తాలకి ఇచ్చిన పొలం 31కి ఇస్తాను. తప్పేముంది? పొలం నాది, శిస్తు నాది.

మక్తా రైతు:
ఇప్పుడర్థమైందండీ, రెండు రోజుల నుంచి ఎకరానికి ఎన్ని చుట్టలని ఎందుకడుగుతున్నారో. మక్తా ఎంత పెంచాలో లెక్క కట్టుకుంటున్నారు.

ఏడెకరాల ఆసామి:
నోరు అదుపులో పెట్టుకో.

మక్తా రైతు:
అదుపులోనే ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ 30 బస్తాలు కొలిచాం. తుపానుకి సార్వా పడిపోయిన ఏడాది కూడా కొలిచాను. నష్టపరిహారం మాత్రం పాసుపుస్తకం ఉన్నాయన ఖాతాలో పడింది. 2019 చట్టంలో కౌలుదారుకి సాగుదారు కార్డుందన్నారు, 11 నెలలకి. దాని మీద భూమిగలాయన సంతకం కావాలి. మూడేళ్ళు తిరిగాను. నా పొలం కాగితంలో నీ పేరెందుకురా అన్నాడు. కార్డు లేకపోతే బ్యాంకు నన్ను రైతంటుందా? రేపు మీ సంఘంలో వాటా కొనాలంటే, ఆ 3 శాతం వడ్డీ తగ్గింపు నాకెలా వస్తుంది? నేను బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాను.

ఏడెకరాల ఆసామి:
సంతకం ఎందుకు పెట్టరో తెలుసా? 1956 కౌలు చట్టం పేరు చెప్పి మా పెదనాన్న గారి ఎకరంన్నర పద్నాలుగేళ్ళు కోర్టులో నలిగింది. ఆయన పోయాక తీర్పొచ్చింది. పొలం ఇచ్చినవాడు దొంగ, చేసేవాడు దొర అని రాస్తే చప్పట్లు కొడతారు మీరంతా. నాకు కాకినాడలో అద్దె ఇల్లు, ఆ ఏడెకరాలే ఆధారం.

భీమారం చేపలోడు:
మా చెరువుల్లో ఈ గొడవే లేదు, గడ్డి మొలవదు.

నిర్వాహకుడు:
నువ్వు, నీ అనే మాటలు ఆపండి. ఇంకోసారైతే తాళం వేస్తాను.

గేదెలక్క:
మీరిద్దరూ కొట్టుకుంటుంటే నా ప్రశ్న గాల్లోనే ఉంది. చుట్ట నాకు ఎంతకిస్తారు?

కాలవగట్టు కుర్రోడు:
మూడు రోజులు ఇటు రాలేదు, క్షమించండి. మక్తా రైతు గారి మాట మొదట కోపం తెప్పించింది. మా నాన్నని అడిగాను, మన కౌలుదారు గడ్డి ఏం చేస్తున్నాడని. అది వాడిష్టం అన్నాడు. మరి బేలర్ కొంటే ఎవరిష్టం అన్నాను. చాలాసేపు మాట్లాడకుండా టీవీ చూశాడు.

ప్లాంటు వాళ్ళకి ఫోన్ చేసి డొక్కల మిల్లు అన్న అడిగినవీ, ఏఈఓ గారు చెప్పిన ఎరువు సంగతీ అన్నీ అడిగాను. ఎరువు తిరిగిస్తారట, రవాణా మనదేనట. రేటు ఏడాదికొకసారి చూస్తారట. రాసివ్వమంటే పై వాళ్ళని అడగాలన్నారు. కాబట్టి ఈ దాళ్వాకి మిషన్ కొనడం లేదు. చేలో దిగే ఆ ఇద్దరి ఆరెకరాల్లో మాత్రం ఒక బేలర్‌ని అద్దెకి తెచ్చి చూస్తాం. డబ్బు ఆ ఇద్దరిదే. గేదెలక్క గారూ, మీ ఊరు దూరం కాకపోతే చుట్టలు మీకే అడుగుతాను, లారీ బాడుగ కలిసొస్తే.

సంఘం మాట తరవాత. గడ్డి కౌలుదారుదని సంఘం నిబంధనల్లో ముందే రాస్తే మక్తా రైతు గారిలాంటివాళ్ళు వస్తారా?

మక్తా రైతు:
రాసేది బాగానే ఉంది. కింద ఎవరి సంతకాలుంటాయి?

డొక్కల మిల్లు:
రాయి తమ్ముడూ, రాసే ఉంచు. నా దగ్గర ఆ నాలుగో లోడు ఇంకా షెడ్డులోనే ఉంది, ఎవరికైనా కావాలంటే మోసుకుపోవచ్చు.

ఏడెకరాల ఆసామి:
నిన్న నా చేలో వేరేవాళ్ళ బేలర్ తిరిగింది. గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. ఎకరానికి 53. ఈశాన్యం మూల పక్క చేలో పెట్టిన మంట పాకి కొంత గడ్డి కాలిపోయింది, అది కలపలేదు.