చెరువు కింద కుంటుతున్న దుప్పి: మా గొర్లకు, బర్లకు ప్రమాదమా?

తాడ్వాయి రైతు:
అందరికీ నమస్తే. మాది ములుగు జిల్లాలో అడవి అంచు ఊరు. చెరువు కింద ఒక దుప్పి కుంటుతూ తిరుగుతోంది. నోటి నుంచి నురగ తీగలా కారుతోంది, మనుషులు దగ్గరికి పోయినా ఉరకట్లేదు. మా బర్లు, గొర్లు అక్కడే నీళ్లు తాగుతాయి. యూట్యూబ్‌లో ‘జాంబీ జింకల రోగం’ వీడియో చూసిన కాడి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. పోరగాళ్లేమో తాళ్లేసి పట్టి పశువుల దవాఖానకు తీసుకుపోదాం అంటున్నారు. ఏం చేయాలి?

పశువైద్యుడు, హనుమకొండ:
ముందు ఆ తాళ్లు పక్కన పెట్టించండి అన్నా. అడవి జింకను తరిమి పట్టుకుంటే ఆ బెదురుకే కండరాలు దెబ్బతిని, కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజులకో చచ్చిపోతుంది. ఇక నురగ అంటే గాలికుంటు (నోట్లో, గిట్టల్లో బొబ్బలు, పుండ్లు లేచే రోగం) ఒక్కటే కాదు. పిచ్చికుక్క కరిచిన జింకకూ చొంగ కారుతుంది, మనుషులంటే భయం పోతుంది. ఎవరి చేతికైనా అంటి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ దవాఖానకు పంపండి.

మీ అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి. వన్యప్రాణిని మనం ముట్టుకోకూడదు. వాళ్లు పశువైద్యుడిని వెంటబెట్టుకొని వస్తారు. దూరం నుంచి వీడియో తీసి ఉంచండి. గిట్టల మధ్య పుండ్లు, పెదాల మీద బొబ్బలు కనిపిస్తే గాలికుంటు మీద అనుమానం పెరుగుతుంది. అప్పుడు ఊడిన బొబ్బ పొరను గ్లిజరిన్ కలిపిన ద్రావణంలో వేసి, ఐసు పెట్టెలో ల్యాబ్‌కు పంపుతారు. దాన్ని ఫార్మాలిన్‌లో వేస్తే వైరస్ చచ్చి, ఏ రకమో తేల్చడానికి పనికిరాదు. రక్తం తీయగలిగితే ఇంకో లాభం ఉంది. టీకా వేసిన బర్రె రక్తంలో యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే పదార్థాలు) ఉండటం మామూలే, అది టీకాదా రోగానిదా అని విడదీయడానికి వేరే పరీక్ష కావాలి. అడవి దుప్పికి టీకా ఎవరూ వేయరు కాబట్టి, కనిపించాయంటే రోగం తగిలిందనే.

జాంబీ రోగం అంటున్నది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో అమెరికాలోని కొలరాడోలో, కట్టడిలో ఉంచిన జింకల్లో మొదట గుర్తించారు. కెనడా, నార్వే, దక్షిణ కొరియాల్లోనూ ఉంది. మన దేశంలో ఇప్పటిదాకా బయటపడలేదు. అందులో జంతువు నెలల తరబడి చిక్కిపోతుంది, నోట్లో బొబ్బలు రావు. దాన్ని వదిలేసి మీ మందకు గాలికుంటు టీకా పడిందో లేదో చూసుకోండి. నా లెక్కలో ఈ రోగం అడవి నుంచి ఊరికి వచ్చేదానికన్నా ఊరి మంద నుంచి అడవికి పోయేదే ఎక్కువ.

నర్సంపేట గొర్ల కాపరి:
సార్, జింక చచ్చి పడి ఉంటే? మావాళ్లు కోసి చూద్దాం అంటారు.

పశువైద్యుడు, హనుమకొండ:
కోయొద్దు తమ్మీ, కోయొద్దు. నిన్నటిదాకా బాగున్నది హఠాత్తుగా చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కు నుంచో వెనుక నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే దొమ్మ (ఆంత్రాక్స్) అనే అనుకోవాలి. 2021లో దుగ్గొండి మండలంలో గొర్లకు వచ్చింది ఇదే. కళేబరాన్ని కోస్తే గాలి తగిలి ఆ క్రిములు గట్టి గుళికల్లాంటి స్పోర్లుగా మారి, మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. డాక్టర్ చెవి నరం నుంచి ఒక్క చుక్క తీసి గాజు పలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. ఆ చుక్క చాలు. కుక్కలు, కాకులు రాకుండా కాపలా పెట్టండి. మాంసం మాట ఎత్తనే వద్దు.

జగిత్యాల యువరైతు:
న్యూజిలాండ్‌లో జింకల ఫారాలు ఉన్నాయట. పరీక్షలు చేయిస్తూ మనమూ పెట్టుకోవచ్చా?

పశువైద్యుడు, హనుమకొండ:
కుదరదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దుప్పి, కణుజు, కృష్ణజింక మనం పెంచుకునేవి కావు. అక్కడి పద్ధతి తెలుసుకుంటే తప్పులేదు. క్షయ కోసం మెడ చర్మంలోకి సూది వేసి, 72 గంటల తర్వాత వాపు కొలుస్తారు. అమెరికా ఫారాల్లో ఏడాది దాటిన జింక చనిపోతే క్రానిక్ వేస్టింగ్ కోసం మెదడు అడుగు ముక్క, గొంతు దగ్గరి లింఫ్ గ్రంథి తీసి పంపడం సర్టిఫికెట్ పొందిన మందలకు నియమం. బతికున్న జంతువులో దాన్ని నమ్మకంగా పట్టే తేలిక పరీక్ష లేదు, అందుకే చచ్చినదాన్ని వదలరు.

తాడ్వాయి రైతు:
బీట్ ఆఫీసర్, డాక్టర్ వచ్చి పొర తీసుకుపోయారు సార్. చూపులకు గాలికుంటు లాగానే ఉందన్నారు, రిపోర్టు రావాలి. దుప్పి ఇంకా లేచి మేస్తోంది. మందకు టీకా రెండో విడత వేయించలేదు, ఇప్పుడు వేయించొచ్చా?

పశువైద్యుడు, హనుమకొండ:
ఆరోగ్యంగా ఉన్నవాటికి వేయించండి. జ్వరం, చొంగ ఉన్నవాటిని విడిగా కట్టి, 1962కు ఫోన్ చేయండి, పశువైద్య బండి వస్తుంది. రిపోర్టు వచ్చేదాకా చెరువుకు తోలకుండా ఇంటి దగ్గరే తొట్టిలో నీళ్లు పెట్టండి. కొట్టం గుమ్మంలో గోనెసంచి పరిచి, పది లీటర్ల నీళ్లలో 400 గ్రాముల బట్టల సోడా కలిపి తడపండి. దాని మీద తొక్కే లోపలికి పోవాలి, మీ చెప్పులతో సహా.