పెళ్ళికి తీసుకున్న 20 గదుల్లో 6 ఖాళీగా మిగిలితే వాటి అద్దె ఎవరు భరించాలి?

వడపళని నివాసి
గత కార్తికంలో మా అమ్మాయి పెళ్ళికి కోడంబాక్కంలోని ఓ మోస్తరు హోటల్లో రెండు రాత్రులకు 20 గదులు తీసుకున్నాను. గదికి రోజుకు 3,800 రూపాయలు, పన్ను వేరు. ఆగస్టులోనే 80,000 అడ్వాన్సు కట్టాను. పెళ్ళికి నాలుగు రోజుల ముందు సేల్స్ మేనేజరుకు ఫోను చేసి, ఆరు గదులు అవసరం రాకపోవచ్చని చెప్పాను. “అలాగే సార్, చూద్దాం” అన్నారు. చివరి బిల్లులో ఆ ఆరు గదులకూ రెండు రాత్రుల అద్దె 45,600, పన్ను 2,280, కలిపి 47,880 రూపాయలు వేశారు. మొదటి రాత్రి తొమ్మిది గంటల వేళ, మా బాపట్ల పెదనాన్నగారికని పేరు రాసిచ్చిన 307వ గది ముందు మావాళ్ళెవరివీ కాని చెప్పులు కనిపించాయి. పెద్దవాళ్ళవి రెండు జతలు, పక్కనే చిన్నపిల్లవాడి నీలం బూట్లు. ఇంకొకరికి అద్దెకిచ్చిన గదికి నా దగ్గర మళ్ళీ అద్దె వసూలు చేయడం న్యాయమేనా? బిల్లు కట్టాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు.

పూర్వ ఫ్రంట్ ఆఫీసు
నేను చెన్నై హోటళ్ళలో 14 ఏళ్ళు రిసెప్షన్లోనూ, గ్రూప్ బుకింగుల విభాగంలోనూ పని చేశాను. మీరు సంతకం చేసిన కాగితంలో గదులు తగ్గించుకోవడానికి గడువు ఏమని ఉంది? అది చెప్పకుండా మేనేజరు ఫోనులో అన్న మాటను మాత్రమే చెబుతున్నారు. గ్రూపు కోసం గదులు ఆపిపెట్టడమంటే, ఆ తేదీకి అడిగిన మిగతావారందరికీ లేవని చెప్పి పంపడమే. ఆ నష్టం బిల్లులో కనిపించదు.

వడపళని నివాసి
ఏడు రోజుల ముందు వరకు పది శాతం, అంటే రెండు గదులు తగ్గించుకోవచ్చని ఉంది. అది దాచే ఉద్దేశం నాకు లేదు. అయితే గడువు దాటిందని ఆయన ఫోనులోనే చెప్పి ఉంటే, ఆ ఆరు గదుల్లో పెళ్ళికొడుకు తరఫు వారి డ్రైవర్లనైనా పడుకోబెట్టేవాణ్ణి. అసలు నేను అడిగింది 307 గురించి.

పన్నుల లెక్క
అందరూ అద్దె దగ్గరే ఆగిపోయారు గనుక పన్ను సంగతి చెబుతాను. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. ఆగస్టులో మీకిచ్చిన కొటేషనులో 12 ఉండి ఉంటుంది. బిల్లులో 5 వేశారు కనుక అది సరిగానే ఉంది. వాడని గదికి పన్నేమిటని కూడా కొందరు అడుగుతారు. రద్దు రుసుముకైనా, గది తీసుకుని రానందుకు వేసే మొత్తానికైనా అసలు సేవకున్న పన్ను రేటే వర్తిస్తుందని 2022 ఆగస్టులో వచ్చిన జీఎస్టీ సర్క్యులరు చెబుతోంది.

తీరప్రాంతం
2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా మామగారి షష్టిపూర్తికి ఇక్కడే 12 గదులు తీసుకున్నాము. 4వ తేదీన విమానాశ్రయం మూతపడింది, 5వ తేదీన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మావాళ్ళలో ఒక్కరూ కదలలేకపోయారు. ఆ హోటలు అడ్వాన్సు పోకుండా ఫిబ్రవరికి మార్చింది. మంచి హోటళ్ళు కూడా ఉంటాయి.

పూర్వ ఫ్రంట్ ఆఫీసు
తుపానును దీనికి ముడిపెట్టకండి. అక్కడ రావడమే అసాధ్యం. ఇక్కడ ఆరు కుటుంబాలు రావచ్చు, రాలేదు. ఇక 307 విషయానికి వస్తే, మీరిచ్చిన రూమింగ్ లిస్టులోని, అంటే ఎవరికి ఏ గదో రాసిన జాబితాలోని, నంబర్లను మేము చివరి గంటలో కూడా మారుస్తాము. పక్క గదిలో ఏసీ పని చేయక అక్కడివారిని మార్చి ఉండవచ్చు, లేదా మీ పెళ్ళివారిలోనే మీరు ఎరగని కుటుంబం దిగి ఉండవచ్చు. చెప్పులు చూసి గది రెండుసార్లు అమ్ముకున్నారని తేల్చడం సరికాదు.

వడపళని నివాసి
నా కూతురి పెళ్ళికి ఎవరెవరు వచ్చారో నాకు తెలియదంటారా? 14 గదుల్లో ఎవరు దిగారో నేనే తాళాలు ఇప్పించాను. నీలం బూట్ల వయసు పిల్లలు మావాళ్ళలో ఇద్దరే. ఇద్దరూ అప్పుడు మండపంలో నా ఎదురుగానే ఉన్నారు.

జార్జ్ టౌన్ వకీలు
చట్టం దృష్టిలో ఆ బూట్లకు విలువ ఉంది. ఒప్పందంలో పరిహారం ఇంత అని ముందే రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే, ఆ లోపల సమంజసమైనంతే ఇప్పిస్తారు. నష్టమే జరగనప్పుడు ఈ సెక్షను కింద పరిహారం రాదని 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరింటిలో ఏ గది ఆ రాత్రి మరొకరికి వెళ్ళిందో, ఆ గది మేరకు హోటలుకు నష్టం లేదు. మిగతా గదుల విషయంలో మీ వాదన బలహీనం. ఆ రెండు తేదీల గదుల వివరాలు, ఆ ఆరు గదుల లెక్కతో సహా, రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు.

పూర్వ ఫ్రంట్ ఆఫీసు
వకీలుగారు చెప్పినది విని ప్రతివారూ చెప్పుల జత పట్టుకుని కమిషనుకు వెళితే, రిసెప్షన్లో నిలబడే ఇరవై వేల జీతగాడి గతి ఏమిటో కూడా చెప్పండి. ఒక డిసెంబరు శనివారం ఒక పెళ్ళివారు 30 గదులు నా చేత ఆపించారు. 11 గదుల్లోనే దిగారు. వారి కోసం పుదుచ్చేరి వెళ్ళే ఒక పర్యాటక బృందాన్ని నేను తిప్పి పంపాను. పెళ్ళిపెద్ద కౌంటరు మీద చేయి చరిచి, “మేమే దిగలేదు కదా, డబ్బెందుకు” అన్నాడు. మా యజమాని సగం బిల్లు వదిలేసి, నా మూడు నెలల ఇన్సెంటివు ఆపేశాడు. ఆ ఏడాది మా అబ్బాయి స్కూలు ఫీజు అప్పు చేసి కట్టాను. గదులు ఖాళీగా ఉంచినవారు ఎవరూ దాని ధర కట్టలేదు, నేను కట్టాను.

వడపళని నివాసి
మీకు జరిగిన అన్యాయానికి నేను బాధ్యుణ్ణి కాను. నేను కౌంటరు మీద చేయి చరచలేదు, బిల్లులో ఒక్క రూపాయి తగ్గించలేదు. మీ వృత్తిలోని వారంతా ఒకరినొకరు వెనకేసుకొస్తారని ఇప్పుడు అర్థమైంది.

కొళత్తూరు
ఇద్దరూ కాస్త శాంతించండి.

గుంటూరు కోడలు
ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ ఆరు కుటుంబాలను గది కావాలా అని ముందుగా అడిగారా అండీ?

వడపళని నివాసి
అడగడమేమిటమ్మా? పిలిచినవాడు గది కావాలా అని అడిగితే, వద్దనమని చెప్పకనే చెప్పినట్టు ఉంటుంది. పెద్దవారికి గది సిద్ధంగా ఉంచడం నా ధర్మం. వారు దిగకపోవడం వారి ఇష్టం. వాళ్ళ దగ్గర డబ్బు అడిగే ఆలోచన నాకు కలలో కూడా రాదు.

గుంటూరు కోడలు
నా బాధ సరిగ్గా అక్కడే ఉంది. రెండేళ్ళ క్రితం మా అత్తవారి వైపు పెళ్ళికి చెన్నై వచ్చాము. అడగకుండానే మాకు నాలుగో అంతస్తులో గది తీశారు. నాకు అయిదు నెలల పాప. పాలసీసాలకు వేడినీళ్ళు కావాలన్నప్పుడల్లా కిందికి ఫోను చేసి అరగంట ఎదురుచూడాలి. మా అక్క ఇల్లు వలసరవాక్కంలోనే ఉంది గనుక అక్కడికి వెళ్ళాము. ఆ రోజు నుంచి “గది తీస్తే దిగలేదు, వాళ్ళకు మేము ఆనలేదు” అని ప్రతి శుభకార్యంలోనూ వింటున్నాను. ఒక ఫోను చేసి, ఎక్కడ ఉంటారమ్మా అని అడిగి ఉంటే గది డబ్బూ మిగిలేది, మాటా మిగిలేది. మీరు 47,880 రూపాయల గురించి రాస్తున్నారు గానీ, మొదటి నుంచి పెదనాన్నగారి గది ఒక్కటే మీ నోట వస్తోంది.

పూర్వ ఫ్రంట్ ఆఫీసు
అమ్మగారు చెప్పినది నిజం. మేమూ గ్రూపు తీసుకునేటప్పుడు అదే అడిగేవాళ్ళం, పేర్లతో లిస్టు పది రోజుల ముందు ఇవ్వండి, ప్రతివారితోనూ మాట్లాడి రాయండి అని. నూటికి తొంభై మంది తమ మనసులో ఉన్న లిస్టునే రాసిచ్చేవారు. వడపళని గారూ, పైన నేను కొంచెం కటువుగా రాశాను. 307 గురించి అడిగేటప్పుడు ‘గది ఎవరికి ఇచ్చారు’ అని రాయకండి, అతిథుల పేర్లు ఎవరూ ఇవ్వరు. ‘ఫలానా తేదీన మా బిల్లు కాక 307కు వేరుగా అద్దె వసూలైందా, లేదా’ అని మాత్రం రాయండి. ఆ లెక్క కంప్యూటరులో ఉంటుంది, చెరపడం తేలిక కాదు. రాత్రి లెక్క మూసేటప్పుడు అతిథి దిగిన ప్రతి గదికీ అద్దె పడుతుంది.

పన్నుల లెక్క
307 అద్దె రెండుచోట్ల పడి ఉంటే పన్ను కూడా రెండుసార్లు పడి ఉంటుంది. ఉత్తరంలో అదీ రాయండి.

వడపళని నివాసి
ఉత్తరం పంపాను. నిన్న రాత్రి పెదనాన్నగారికి ఫోను కూడా చేశాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. గది సంగతి ఎత్తగానే ఆయన కాసేపు మాట్లాడలేదు. తనకు గది తీశారన్న సంగతే తెలియదని, శుభలేఖలో మండపం చిరునామా తప్ప మరేమీ లేదని, ఎక్కడ దిగమంటావని నన్ను అడగడం మర్యాద కాదనుకుని పెరంబూరులో కూతురింట దిగానని చెప్పారు. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడి నుంచి ఆటోలో ముహూర్తానికి వచ్చారట. ఆయనకు 82 ఏళ్ళు. గది నంబరు చెప్పవలసిందిగా మా తమ్ముడికి అప్పగించాను. వాడు మరిచిపోయాడో, నేనే చెప్పడం మరిచిపోయానో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. హోటలుకు రాసిన ఉత్తరం మాత్రం వెనక్కి తీసుకోను. మిగతా అయిదు గదుల మాట వదిలేస్తున్నాను, 307 లెక్క నాకు కావాలి.

గుంటూరు కోడలు
మిగతా అయిదు ఇళ్ళకూ కూడా ఫోను చేయండి, బాబాయిగారూ.