గంటందొరది సొంత పగా, మన్యం పోరా?

మన్యంబాట:
1922-24 మన్యం పితూరీ (కొండ జనం తిరుగుబాటు) ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు. గాం గంటందొర బట్టిపనుకుల మునసబు. ఆ పని ఊడింది, భూమీ పోయింది. ఆ కసితోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద పగబట్టి, తమ్ముడు మల్లుదొరతో కలిసి అల్లూరి సీతారామరాజు పక్కన చేరాడట. జనం కోసం కాదట! నాకిది మింగుడు పడదు. భూమి పోయినవాడు తిరగబడితే స్వార్థమెలా అవుతుంది?

పాతకాగితం:
మిమ్మల్ని నొప్పించాలని కాదండీ. మునసబులూ ముఠాదారులూ (కొన్ని కొండ ఊళ్లకు కలిపి పెత్తందార్లు) సర్కారు తరఫున కొండ ఊళ్లలో పెత్తనం చేసినవాళ్లే. 1879 రంప పితూరీలోనూ ముందు వరసలో ముఠాదారులు ఉన్నారు. అది అణిగాక సర్కారు వాళ్ల పైనున్న రంప దొర మన్సబుదారును తప్పించి, ముఠాదారులతో నేరుగా ఏర్పాట్లు చేసుకుంది. తమ హోదాకు దెబ్బ తగిలినప్పుడు లేచినవాళ్లని పోడు కొట్టుకునేవాడి గొంతుగా చెప్పడానికి నాకు మనసొప్పదు.

కొండవాగు:
మాది కొయ్యూరు వైపు. పాతకాగితం గారూ, హోదా మాట నిజమే, కాదనను. కానీ గంటందొర వెనక నడిచినవాళ్లకు ఏ హోదా ఉంది? నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించినప్పుడు రాళ్లు మోసింది కొండ జనమే. చాలీచాలని కూలి, చాలాసార్లు అదీ లేదు. ఎదురుతిరిగితే దెబ్బలు. ఇక పోడు సంగతి. చెట్టు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో చల్లుకుని, రెండు మూడేళ్లకు ఆ నేలను వదిలేసి ఇంకో వాలుకు పోవాలి. వదిలిన నేల మళ్లీ అడవి కావాలి. 1882 మద్రాసు అడవి చట్టం వచ్చాక ఆ వదిలిన నేలే సర్కారు రిజర్వు అడవిలో కలిసిపోయింది. మనవాడు తిరిగి వచ్చేసరికి తాత దున్నిన చోట నేరస్థుడయ్యాడు. మునసబు గంటందొర నుంచి భూమి లాక్కున్నదీ, పోడు ఆపిందీ ఒకే కచేరీ. రెంటినీ విడదీసి చూడటం కొండ మీద ఉన్నవాడికి చేతకాదు.

పాతకాగితం:
మరి 1917 చట్టం మాటేమిటి? ఏజెన్సీలో, అంటే ఈ కొండ ప్రాంతంలో, కొండవాళ్ల భూమి ఏజెంటు (అక్కడి సర్కారు పెద్ద అధికారి) అనుమతి లేకుండా మైదానం వాళ్లకు పోకూడదని ఆ సర్కారే రాసిందిగా. భూమి లాక్కోవడమే వాళ్ల ధ్యేయమైతే ఆ చట్టమెందుకు తెస్తారు?

మన్యంబాట:
ఆ చట్టం షావుకారు చెయ్యి పట్టుకుంది, సర్కారు చెయ్యి కాదు. అప్పు పేరుతో పొలం రాయించుకునేవాడిని ఆపింది సరే, అడవికి హద్దురాళ్లు పాతేవాడిని ఆపలేదు. రోడ్డు మీద వెట్టి చేయించేవాడినీ ఆపలేదు.

ఇంకో సంగతి. కసి బాస్టియన్ ఒక్కడి మీదే అయితే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా పడి తుపాకులు ఎత్తుకెళ్లాల్సిన పనేముంది? 1923లో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 మే 7న రాజును కాల్చేశారు. తమ్ముడు జైల్లో, నాయకుడు లేడు. పగ తీర్చుకోవడానికి వచ్చినవాడు ఆ రోజే కొండ దిగి లొంగిపోయేవాడు. గంటందొర ఇంకో నెల అడవిలోనే పోరాడి, జూన్‌లో తుపాకీ గుళ్లకు నేలకొరిగాడు. మల్లుదొర 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. సొంత పగతో తిరిగినవాళ్లని జనం అన్నేళ్ల తర్వాత కూడా గుర్తుపెట్టుకుని ఓట్లేస్తారా?

పాతకాగితం:
ఓట్లకు కారణాలు చాలా ఉంటాయి, దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. ముఠాదారుల మీద నా అభిప్రాయమూ మారలేదు. ఆ చివరి నెల సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదండీ.