కొండాపూర్‌లో పదిహేనేళ్ల అమ్మాయికి ఏ మార్షల్ ఆర్ట్? (ఇంట్లో షరతులున్నాయి)

కొత్తమ్మాయి, కొండాపూర్:
అందరికీ నమస్కారం. ఈ వేసవిలో సిడ్నీ వదిలేసి హైదరాబాద్ వచ్చేశాం. అమ్మానాన్నలకి ఇది సొంతూరు, నాకే విదేశం. తెలుగు తాతయ్య నేర్పారు, తప్పులుంటే సర్దుకోండి. నాకు బాక్సింగ్ అంటే ఇష్టం. నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయని తెలిశాక ఇంకా పిచ్చి పట్టింది. కానీ తలకి దెబ్బ తగిలేది ఏదీ వద్దని నాన్న, పైగా వచ్చే ఏడు టెన్త్. రాత్రి ఏడింటికల్లా ఇంట్లో ఉండాలని, మగపిల్లలతో కలబడేది వద్దని అమ్మ. నెలకి మూడు వేలు దాటకూడదు. టైక్వాండో అయితే పర్వాలేదేమో అంటున్నారు. కరాటేనా, టైక్వాండోనా, జూడోనా?

మస్కట్ మామయ్య, మియాపూర్:
అది తర్వాత చూద్దాం తల్లీ. ముందు నీ స్కూల్ ఏ బోర్డో చెప్పు. సీబీఎస్‌ఈ అయితే బోర్డే పోటీలు పెడుతుంది, జూడో, టైక్వాండో రెండూ ఉంటాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని ఉంటాయి, నువ్వు మధ్యదానిలోకి వస్తావు. రేపు కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీట్ల దగ్గర గుర్తింపున్న పోటీలో నెగ్గిన కాగితం చూస్తారు గానీ ఇంట్లో గోడకి వేలాడే బ్లాక్ బెల్ట్ ఎవరూ అడగరు. కరాటే జోలికి మాత్రం పోకు. వీధికో సంఘం, ప్రతిదాని పేరులోనూ ఇంటర్నేషనల్. ఒలింపిక్స్‌లో కూడా లేదు.

పాతకాపు, మలక్‌పేట:
లేదని ఎలా అంటారు మస్కట్ గారూ? టోక్యోలో ఉంది, అందరం టీవీలో చూశాం.

మస్కట్ మామయ్య, మియాపూర్:
ఒక్కసారి వచ్చి పోయింది. పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. టైక్వాండో 2000 నుంచి వరసగా ఉంది. పతకాల ఆటగా మొదలైంది కూడా ఈ అమ్మాయి వచ్చిన సిడ్నీలోనే.

నల్లగండ్ల ఆంటీ:
మీ ఒలింపిక్స్ అలా పక్కన పెట్టండి. అమ్మాయ్, ఒక్క మాట విను: ఏడాది ఫీజు ఒకేసారి కట్టనివ్వకు. మేము న్యూజెర్సీ నుంచి వచ్చిన కొత్తలో మా వాణ్ణి ఇంటి దగ్గరే ఒక టైక్వాండో క్లాసులో చేర్పించాం. పేరు చెప్పను. పదకొండేళ్ల పిల్లాడికి ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ ఇప్పిస్తామని ప్యాకేజీ. యూనిఫాం, చెస్ట్ గార్డ్, బెల్ట్ టెస్టులు అన్నీ అందులోనేనట. రసీదు అడిగితే యాప్‌లో వస్తుందన్నారు. ఒక సాయంత్రం వెళ్తే షట్టర్‌కి రెండు తాళాలు, పాతదాని మీద ఇంకోటి కొత్తది. అద్దె బాకీ పడ్డారని బిల్డింగ్ ఓనరు వేశాడు. పిల్లలందరి చెస్ట్ గార్డులూ లోపలే. ఓనరుకి ఫోన్ చేస్తే మాస్టర్‌ని అడగండి అంటాడు. మాస్టర్ ఫోన్ స్విచ్ ఆఫ్. తల్లులం మెట్ల మీదే కూర్చుని గ్రూప్ పెట్టుకున్నాం, ఓనరు బావమరిదిని పట్టుకుంటే ఎట్టకేలకు తలుపు తీశారు. సామాన్లు దొరికాయి, డబ్బు రాలేదు. తర్వాత తెలిసింది, పదిహేనేళ్లు నిండని పిల్లలకి కొరియాలోని కుక్కివాన్, అంటే టైక్వాండో ప్రధాన కేంద్రం, అసలు డాన్ అనే పెద్దవాళ్ల బ్లాక్ బెల్ట్ హోదా ఇవ్వదట, పూమ్ అని పిల్లలకి వేరే సర్టిఫికెట్ ఇస్తుందట. అంటే ఆ ప్యాకేజీ మొదటి అక్షరం నుంచే అబద్ధం. నెలనెలా కట్టించుకునే చోటే చేరు. కుదరదంటే లేచి వచ్చెయ్.

గ్లవ్స్ అన్న, కూకట్‌పల్లి:
చెల్లీ, నువ్వు అడిగిన ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మీ నాన్నగారి షరతునే పట్టుకుని చూద్దాం. టైక్వాండో భద్రం, బాక్సింగ్ ప్రమాదం అని పెద్దవాళ్లందరూ అనుకుంటారు. ఒలింపిక్స్ తరహా టైక్వాండోలో ముఖం మీద గుద్దడానికి వీల్లేదు, అది నిజమే. కానీ కాలితో తలకి తన్నవచ్చు. ఛాతీ మీద గుద్దుకి ఒక పాయింటు, ఛాతీ మీద కిక్‌కి రెండు, తలకి తగిలితే మూడు, గిర్రున ఒళ్లు తిప్పి తలకి తంతే ఐదు. పాయింట్లు ఎక్కువ ఎక్కడుంటే పిల్లలు అక్కడికే తంతారు కదా. క్యోకుషిన్ అనే రకం కరాటేలోనూ అంతే, చేత్తో ముఖం మీద కొట్టకూడదు, కాలితో కొట్టవచ్చు. కాబట్టి ఏ ఆట అని కాదు, స్పారింగ్, అంటే జోడీతో కొట్టుకునే ప్రాక్టీసు, ఎప్పుడు మొదలు పెడతారు, చేయనంటే ఒప్పుకుంటారా అని అడుగు. చాలాచోట్ల ఏడాదిపాటు బ్యాగ్, ప్యాడ్స్, ఫుట్‌వర్క్ మాత్రమే చేస్తానంటే ఒప్పుకుంటారు. అలా అయితే బాక్సింగ్‌లోనూ తలకి దెబ్బ ఉండదు.

పాతకాపు, మలక్‌పేట:
హెడ్‌గార్డ్ పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు?

గ్లవ్స్ అన్న, కూకట్‌పల్లి:
హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది సార్, లోపల మెదడు అదరకుండా ఆపలేదు. బాక్సింగ్‌లో మగవాళ్ల పెద్ద పోటీల్లో 2013లోనే తీసేశారు. దాన్ని చూపించి నాన్నని ఒప్పించడం కుదరదు.

పాతకాపు, మలక్‌పేట:
మా రోజుల్లో పాతబస్తీ తాలీంఖానాల్లో మట్టిలో కుస్తీ పట్టేవాళ్లు. గార్డు లేదు, ప్యాకేజీ లేదు. పొద్దున్నే పాలు, బాదం. ఏమైంది వాళ్లకి?

నల్లగండ్ల ఆంటీ:
నలిగి ముద్దయిన చెవులు చూశారా వాళ్లవి, పాతకాపు గారూ? ఆడపిల్లకి చెప్పే సలహాయేనా అది?

జూడో పిన్ని, యూసుఫ్‌గూడ:
అమ్మాయ్, నీ షరతులన్నీ కలిపి చూస్తే నాకు జూడోనే తోస్తోంది. గుద్దులూ తన్నులూ లేవు. మొదటి నెలలన్నీ పడటమే నేర్పుతారు, గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో మ్యాట్ మీద చరిచి, తల నేలకి తగలకుండా. మన ఫుట్‌పాత్‌ల మీద నడిచేవాళ్లకి ఇంకేం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఇది అక్కరకొస్తుంది. చిక్కల్లా మీ అమ్మగారి షరతుతోనే, ఇందులో ఒకరినొకరు పట్టుకోక తప్పదు. పోటీల్లో ఆడపిల్లలు వేరే, బరువును బట్టి విభాగాలు. ప్రాక్టీసులో కూడా నీకు జోడీగా అమ్మాయి ఉంటుందా అని ముందే అడుగు. లేదంటే ఆ క్లాసు నీకు పనికిరాదు, కోచ్ ఎంత గొప్పవాడైనా సరే. దూరం కూడా చూసుకో. కొండాపూర్ నుంచి నగరం మధ్యలో ఉన్న ఎల్‌బీ స్టేడియానికి మెట్రోలో వెళ్లాలన్నా అమీర్‌పేటలో మారాలి, ఏడింటికి ఇల్లు చేరడం కలలో మాట.

కొత్తమ్మాయి, కొండాపూర్:
అందరికీ థాంక్స్. గ్లవ్స్ అన్న చెప్పిన పాయింట్ల లెక్క నాన్నకి చూపించాను. బాక్సింగ్‌కి ఒప్పుకుంటారనుకున్నా. ఇప్పుడు టైక్వాండో కూడా వద్దంటున్నారు.

గ్లవ్స్ అన్న, కూకట్‌పల్లి:
అయ్యో.

జూడో పిన్ని, యూసుఫ్‌గూడ:
ఇక ఏమీ చూపించకు తల్లీ, జూడో వీడియోలు అసలే వద్దు. అందులో అన్నీ ఎత్తి పడేసేవే ఉంటాయి. అమ్మానాన్నలిద్దర్నీ తీసుకెళ్లి ఏదైనా దగ్గరి క్లాసులో గంటసేపు గోడవార కూర్చోబెట్టు. పిల్లలు పడి లేవడం వాళ్లే చూస్తారు. చూడనివ్వం, బయటే ఉండండి అంటే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చెయ్యండి. ఇంతకీ నీ బరువు, ఎత్తు ఎంత? మా అమ్మాయికి పొట్టయిపోయిన జూడో డ్రెస్ ఉంది, కొత్తది కొనకండి.

మస్కట్ మామయ్య, మియాపూర్:
బోర్డు ఏదో ఇంకా చెప్పలేదు.