వార్డు యాప్ చేస్తున్నాం, "పరిష్కారమైంది" అని ఎవరు నొక్కాలి?

రామ్మూర్తినగర్ వాసి:

అందరికీ నమస్తే. మేం నలుగురం, పగలు ఉద్యోగాలు, రాత్రి ఈ పిచ్చి. బెంగళూరులో మా లేఅవుట్ అసోసియేషన్ వాళ్ళూ, వార్డు ఆఫీసులో ఒక ఇంజనీరు గారూ కలిసి "ఆరు నెలలు మా దగ్గర నడిపి చూపించండి" అన్నారు. సుమారు 1,200 ఇళ్ళు. చెత్త, వీధి దీపాలు, గుంతలు, నీళ్ళు, డ్రైనేజీ అన్నీ ఒకే యాప్‌లో పెట్టాలని, ఆఫీసులో పెద్ద తెర మీద మ్యాపు ఉండి ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే ఆకుపచ్చ అవుతుంటే చూడాలని మా ఆశ. స్క్రీన్లన్నీ గీసేశాం కూడా. అక్కడే ఆగిపోయాం. ఫిర్యాదు ఏ శాఖకి వెళ్ళాలో జనాన్నే ఎంచుకోమనాలా? కాలువల్లో సెన్సర్లు ఇప్పుడే పెట్టాలా? "పరిష్కారమైంది" అని ఎవరు నొక్కాలి? ఈ చివరిదాని మీద మా నలుగురికీ మాటల్లేవు రెండు రోజుల నుంచి. తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టినా పర్లేదు.

పాత మున్సిపల్ కోడర్:

తిట్టనులే తమ్ముడూ. పెద్ద తెర మాత్రం పక్కన పెట్టు. 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్ కింద నూరు నగరాల్లోనూ కంట్రోల్ సెంటర్లు వచ్చాయి, తెరలకి కొదవ లేదు. గుంత పూడ్చేది తెర ముందు కూర్చున్నాయన కాదు, ఎండలో స్కూటర్ మీద తిరిగే జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు. ఆయన ఫోన్లో ఏం కనిపించాలో ముందు గీయి.

నీ మూడో ప్రశ్నే అన్నిటికన్నా పెద్దది. మా ఇంటి ముందు దీపం పోతే పోయినేడాది మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను. మూడుసార్లూ మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్. మూడోసారి ఫోటో కూడా జత చేశారు, దీపం జిగేల్మంటోంది. స్తంభం పక్కన తోపుడు బండి, దాని మీద కొబ్బరి బోండాలు. మా వీధిలో బోండాలవాడే లేడు! ఏ ఆఫీసో చెప్పను, ఆ కుర్చీలో ఎవరున్నా అదే చేస్తారు. పైనుంచి అడిగేది "ఎన్ని మూశారు" అన్న ఒక్క అంకె, కింద నొక్కడానికి ఉన్నది "మూసేయి" అన్న ఒక్క బటన్. ఇంకేం చేస్తాడు పాపం.

అందుకని "పని చేశాం" అన్నది సిబ్బంది నొక్కాలి, "సరే, అయింది" అన్నది ఫిర్యాదు పెట్టినవాళ్ళు నొక్కాలి. మూడు రోజులు వాళ్ళు పలకకపోతే దానంతట అదే మూసుకోవచ్చు, కానీ లెక్కల్లో "జవాబు రాలేదు" అని విడిగా కనిపించాలి, పరిష్కారమైన వాటిలో కలపొద్దు. మళ్ళీ తెరిస్తే కొత్త నంబరు ఇవ్వకు, పాత నంబరే, పాత తేదీ నుంచే రోజులు లెక్క. ఫోటో గ్యాలరీ నుంచి తీసుకోనివ్వకు, యాప్ కెమెరాతోనే తీయించు, ఫిర్యాదు చోటుకీ ఫోటో తీసిన చోటుకీ దూరం పక్కనే చూపించు.

ఇంకో మాట, ఇది చాలామంది వదిలేస్తారు. సిబ్బందికి నిజం చెప్పే బటన్లు ఇవ్వు. "ఇది మా పరిధి కాదు", "సామాను లేదు", "టెండరు కావాలి, ఇప్పట్లో కాదు". ఇవి లేకపోతే అవన్నీ "పరిష్కారమైంది"లోకే పోతాయి. అధికారికి చూపించే లెక్కల్లో కూడా ఎంత శాతం మూశారన్నది కాకుండా, అన్నిటికన్నా పాత ఫిర్యాదు ఎన్ని రోజులది, ఎన్ని మళ్ళీ తెరుచుకున్నాయి అన్నవి పైన పెట్టు.

రామ్మూర్తినగర్ వాసి:

బోండాల ఫోటోకి మా టీమ్ అంతా నవ్వి మళ్ళీ మాటల్లో పడ్డాం, థాంక్స్ అన్నా. శాఖల సంగతి? మేం పెట్టిన మెనూలో 11 శాఖలు ఉన్నాయి, మా అమ్మకి చూపిస్తే "ఇందులో మన కాలవ ఎక్కడుందిరా" అంది.

పాత మున్సిపల్ కోడర్:

అమ్మ గారే కరెక్ట్. ఇక్కడ దీపం కార్పొరేషన్‌ది, తెగి వేలాడే వైరు కరెంటు సంస్థ బెస్కాంది, మంచినీళ్ళూ మురుగూ జలమండలివి, వాన కాలువ మళ్ళీ కార్పొరేషన్‌ది. ఫోన్ చేయాలంటే 1533, 1912, 1916 అని మూడు నంబర్లు. వీధిలో నీళ్ళు పారుతున్నాయంటే అది పగిలిన పైపో, పొంగిన మ్యాన్‌హోలో మామూలు మనిషికి ఏం తెలుస్తుంది? కళ్ళకి కనిపించేది అడుగు. "రోడ్డు మీద నీళ్ళు" అని నొక్కితే, తేటగా ఉన్నాయా, కంపు కొడుతున్నాయా, వాన పడిందా అని అడిగి శాఖ నువ్వే తేల్చు. బ్రిటన్‌లో 2007లో వచ్చిన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే ఫిర్యాదుల సైటు సూత్రం అదే, చోటు చూపిస్తే ఎవరికి పోవాలో అదే చూసుకుంటుంది.

చోటు విషయంలో జాగ్రత్త. మన ఊళ్ళో "3వ మెయిన్, 6వ క్రాస్" లేని లేఅవుట్ ఉందా? అడ్రసు టైప్ చేయించకు, మ్యాపులో పిన్ను పెట్టించి, పక్కన గుర్తు ఒకటి రాయించు, "గణపతి గుడి ఎదురు సందు" అన్నట్టు. ఇరుకు సందుల్లో జీపీఎస్ పక్క వీధికి దూకుతుంది, అందుకే పిన్ను చేత్తో జరపనివ్వాలి.

వార్డు నంబరు మాత్రం ఫిర్యాదులో రాసి పాతిపెట్టకు, తరవాత ఏడుస్తావు. బీబీఎంపీలో, అంటే మన పాత నగర కార్పొరేషన్‌లో, ఏళ్ళ తరబడి 198 వార్డులు, 2022లో 243 అన్నారు, 2023లో 225 అన్నారు, 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీయే పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, ఆ తరవాత వార్డులు 369 అయ్యాయి. కాబట్టి అక్షాంశ రేఖాంశాలు దాచుకో. వార్డు హద్దులు వేరే టేబుల్లో ఉండాలి, ప్రతి హద్దుకీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఉండాలి. ఏ చోటు ఏ హద్దులో ఉందో పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాపుల డేటాబేస్‌లో ఒక క్వెరీతో తేలిపోతుంది. హద్దు రోడ్డు మధ్యలో పోతుంటే ఆ ఫిర్యాదు మనిషి చూసి తేల్చాలి, సాఫ్ట్‌వేర్‌కి వదిలితే రెండు ఆఫీసులూ బంతాట ఆడతాయి.

అన్నట్టు అన్నీ సున్నా నుంచి రాయకండి. మున్సిపాలిటీలకి సాఫ్ట్‌వేర్ చేసే ఈగవ్ ఫౌండేషన్ మన బెంగళూరుదే, 2003 నుంచి ఉంది, వాళ్ళ డిజిట్ ప్లాట్‌ఫాం ఓపెన్ సోర్స్, ఫిర్యాదుల మాడ్యూల్ ఉంది. కోడ్ వాడకపోయినా ఒక ఫిర్యాదు ఎన్ని మెట్లు ఎక్కి దిగుతుందో చూడండి.

ఆరో క్రాస్ ఆంటీ:

బాబూ, మీ మాటలు సగం అర్థం కాలేదు కానీ నేనూ చెప్తాను. నాకు ఫిర్యాదు పెట్టే యాప్ అక్కర్లేదు. కావేరి నీళ్ళు ఇవాళ వస్తాయా రావా, వస్తే ఎన్నింటికి, అది చెప్పే యాప్ ఇవ్వండి. రోజు విడిచి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి సంప్ మూత తీసి టార్చి వేసి చూస్తాను, పైపులో గాలి బుస్సుమంటే ఇంకో పావుగంటలో వస్తాయని లెక్క. ఆ బుస్సు వినపడకపోతే ట్యాంకరుకి ఫోన్ చేయాలి, ఆరు దాటితే ట్యాంకరువాడు ఎత్తడు. మా వాల్వ్‌మన్ ఆ ఇనప కడ్డీతో తిప్పేటప్పుడు ఒక్క బటన్ నొక్కితే నేను ఇంకో గంట పడుకుంటాను కదా.

ఇంకొకటి, పేరు బయటపెట్టకండి. ఖాళీ సైటులో చెత్త పోస్తున్నారని నేను ఒకచోట ఫిర్యాదు పెడితే, పెట్టింది నేనేనని పోసినవాళ్ళకి సాయంత్రానికల్లా తెలిసింది. గేటు దగ్గరికి వచ్చి "ఏమ్మా, మీకేం నష్టం" అని అడిగి వెళ్ళారు. అప్పటి నుంచి మా ఆయన ఫోన్ ముట్టుకోనివ్వడు.

పాత మున్సిపల్ కోడర్:

అక్కా, రెండూ బంగారం లాంటి మాటలు. ఫోన్ నంబరు, పేరు కాంట్రాక్టరుకి అస్సలు కనిపించకూడదు, మాట్లాడాలంటే యాప్ ద్వారానే కలపాలి. ఎవరు ఏ ఫిర్యాదు తెరిచి చూశారో లాగ్ ఉండాలి. 2023 డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, ఒక్కసారి ఇలా గేటు దాకా వస్తే ఆ వీధిలో ఇక ఎవరూ యాప్ తెరవరు.

నీళ్ళ కబురు మాత్రం వినడానికి తేలిక, నడపడం కష్టం. నెక్స్ట్‌డ్రాప్ అని ఒక సంస్థ హుబ్బళ్ళి-ధార్వాడలో ఇదే చేసి తరవాత బెంగళూరుకి వచ్చింది, వాల్వ్‌మన్ కబురు చెప్తే ఇళ్ళకి మెసేజ్. ఇక్కడ పరిశోధకులు చూస్తే వాల్వ్‌మన్ల నుంచి కబురు సరిగ్గా రావడంలేదని తేలింది. నాకు ఆశ్చర్యం లేదు, నొక్కితే ఆయనకేం వస్తుంది? ఆలస్యమైతే తిట్లకి సాక్ష్యం తప్ప. ఆయనకి లాభం ఉండేలా చేయాలి. అడిగి చూడండి, రోజుకి ఎన్ని ఇళ్ళ నుంచి "అన్నా, నీళ్ళెప్పుడు" అని ఫోన్లు వస్తాయో. ఆ ఫోన్లు ఆగుతాయంటే ఒప్పుకోవచ్చు.

లోరా పిచ్చోడు:

సెన్సర్ల గురించి నేను చెప్తాను, ఇళ్ళకి అమర్చేది అదే పని. లోరా, అంటే తక్కువ కరెంటుతో దూరానికి కబురు పంపే రేడియో, పెట్టడం తేలికే, 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేదు, బ్యాటరీ కూడా చాలాకాలం వస్తుంది. చిక్కంతా తరవాతే. మా అపార్ట్‌మెంట్ సంప్‌లో శబ్దం పంపి నీటి మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడితే వారం తరవాత ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉందని చూపించింది. మూత తీస్తే సెన్సర్ మూతికి అడ్డంగా సాలెగూడు. ఇంట్లో ఉన్న సంప్‌కే అలా అయితే రాజకాలువలో, అంటే పెద్ద వాన కాలువలో, థర్మకోలూ పరుపులూ కొట్టుకొచ్చే చోట ఎవరు తుడుస్తారు? తుడిచే మనిషి పేరు రాసుకున్నాకే సెన్సర్ కొనండి. ఎక్కడ ఎంత వాన పడుతోందో మేఘసందేశ యాప్‌లో ఎలాగూ కనిపిస్తుంది, మొదటి ఆరు నెలలకి అది చాలు.

రామ్మూర్తినగర్ వాసి:

నిన్న ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళాం. "మా పరిధి కాదు" బటన్ చూపిస్తే మొహం చిట్లించారు, ఇది పెడితే అందరూ ఇదే నొక్కుతారయ్యా అన్నారు. అప్పుడు, నొక్కినవాళ్ళు ఎవరి పరిధో కూడా ఎంచుకోవాలి, వాళ్ళు కాదంటే మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది అని చెప్తే కాసేపు ఆలోచించి, అయితే ఇంకొకటి కూడా పెట్టండి అన్నారు: "రోడ్డు తవ్వడానికి పర్మిషన్ రాలేదు". సగం నావి అందులోకే పోతాయి అని ఆయనే నవ్వారు. సెన్సర్లు తీసేశాం. వాల్వ్‌మన్‌ని కూడా కలిశాం, రోజుకి నలభై ఫోన్లు వస్తాయట, సరే చేస్తానన్నాడు, కానీ ఆయనది బటన్ల ఫోన్. యాప్ పడదు. ఏం చేయాలి?

పాత మున్సిపల్ కోడర్:

మిస్డ్ కాల్ చాలు. వాల్వుకో నంబరు తీసుకోండి, తిప్పగానే ఆ నంబరుకి ఒక రింగు, ఆ వాల్వు కింద ఉన్న ఇళ్ళకి ఎస్సెమ్మెస్. నంబర్లు ఆయన ఫోన్లో మీరే సేవ్ చేసి ఇవ్వండి, పేర్లు మాత్రం ఆయన ఆ వాల్వుని ఏమని పిలుస్తాడో అవే పెట్టండి.